చేతిలో టీ గ్లాసు, నోట్లో "స్టిచింగ్": సింపుల్ ప్రెజెంట్ ఎవరైనా విడమరచి చెప్పండి

మాది ప్రొద్దుటూరు. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో జాకెట్లు కుడుతున్నాను. కన్నడం వచ్చేసింది, హిందీతో నెట్టుకొస్తాను. ఇంగ్లీషు దగ్గరే చిక్కు. మొన్న కొలత జాకెట్టు తెచ్చినావిడ నేనేం చేస్తానని అడిగితే "ఐ యామ్ స్టిచింగ్ బ్లౌజెస్" అన్నాను. ఆవిడ నా చేతుల వంక చూసింది. చేతిలో టీ గ్లాసు ఉంది! పక్కన హోంవర్కు రాసుకుంటున్న మా అమ్మాయి, ఆవిడ ముందే, "స్టిచింగ్ కాదమ్మా, స్టిచ్" అంది. తెలుగులో రెంటికీ "కుడుతున్నాను" అనే కదా అంటాం? పైగా "షి" వస్తే ఎస్ చేర్చాలట, ప్రశ్న అడిగితే తీసేయాలట. సూత్రాలు వద్దు, పుస్తకంలో చదివి మరిచిపోయాను.

జవాబు 1 (జయనగర్, రిటైరైన మాస్టారిని)
"ఏం చేస్తున్నారు?" అని ఫోనులో అడిగితే ఒక జవాబు, పెళ్లిచూపుల్లో అడిగితే మరొకటి. మనకు ఆ తేడా సందర్భమే చెబుతుంది, ఇంగ్లీషులో క్రియే చెప్పాలి. సూది కింద గుడ్డ ఉంటే స్టిచింగ్. కొట్టు మూసి ఇంటికెళ్లినా నిజమయ్యేది స్టిచ్. "కుడుతుంటాను" అతికిన చోటల్లా సింపుల్ ప్రెజెంట్ వేయండమ్మా. "కుడతాను"ను మాత్రం నమ్మకండి, అది రేపటికీ పనికొస్తుంది. రేపటికి ఇంగ్లీషులో మామూలుగా విల్ కావాలి. రైలు వేళలది వేరే దారి: రేపటి బండైనా "ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్".

ఇంకొకటి. "తెలుసు"ను మనం "తెలుస్తున్నాను" అనం, "కావాలి"కి "తున్నాను" అసలే అతకదు. ఇంగ్లీషులో వాటికి వాడే నో (know), వాంట్ కూడా అంతే, ఇంగ్ తగిలించకండి. "ఐ యామ్ హేవింగ్ ఎ షాప్" కూడా తప్పే. టీ తాగుతూ "హేవింగ్ టీ" అంటే తప్పు లేదు.

జవాబు 2
ఎస్ సంగతి నేను చెబుతానక్కా. పాత ఇంగ్లీషులో క్రియకు మనలాగే పురుషను బట్టి ప్రత్యయాలు మారేవి. కాలక్రమంలో అన్నీ రాలిపోయి హి, షి, ఇట్ వెంట ఒక్కటి మిగిలింది. అదీ ఒకప్పుడు ఎస్ కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో "కమ్స్" ఉండాల్సిన చోట "కమెత్" ఉంటుంది. ఇక ప్రశ్నలోని "డజ్" అంటే డూకి ఎస్ చేరినదే. జాకెట్టుకు రెండు వైపులా హుక్కులు కుడతారా? ఒకవైపు హుక్కు, రెండోవైపు కాజా. డజ్ హుక్కు తీసుకుంది కనుక క్రియకు మిగలదు: "షి వాంట్స్", "డజ్ షి వాంట్". "డజ్ నాట్ వాంట్" కూడా అంతే.

జవాబు 3
ఇంత అవసరమా? "ఐ యామ్ స్టిచింగ్" అన్నా ఎదుటివారికి అర్థమవుతుంది, కొట్టు నడుస్తుంది.

అడిగినావిడ
కొట్టు నడుస్తుందండీ, మా అమ్మాయి దగ్గరే నడవదు. మాస్టారికి నమస్కారం. తమ్ముడూ, హుక్కు బాగా పట్టుకుంది. నిన్న ట్రయలుకు వచ్చినావిడను, కాజా తలచుకుంటూ, "డజ్ ఇట్ ఫిట్?" అని అడిగాను. ఆవిడ అద్దంలో అటూ ఇటూ తిరిగి, "చంకల్లో బిగుతుగా ఉందమ్మా" అంది. నెల్లూరట.