అప్‌డేట్: అమ్మ కేకు కుదిరింది

అమ్మ పోయాక ఆమె నోట్‌బుక్ చూసి కేకు ఎన్నిసార్లు చేసినా పొడిపొడిగా, గట్టిగా వస్తోందని, తప్పెక్కడో తెలియట్లేదని ఇంతకుముందు అడిగాను. "రెండు గ్లాసుల మైదా అంటే ఏ గ్లాసో ముందు కనుక్కోండి" అన్నవారికి చేతులెత్తి దండం.

ఆ గ్లాసు పిన్ని దగ్గర ఉంది. అంచు కింద చిన్న సొట్ట, చూడగానే గుర్తుపట్టాను. నీళ్లు పోసి కొలిస్తే 180 మిల్లీలీటర్లు. నేను వాడుతున్నది 240 మిల్లీలీటర్ల కప్పు! అంటే మైదా, చక్కెర రెండూ మూడో వంతు ఎక్కువ పడుతున్నాయి. గుడ్లు మాత్రం లెక్కపెట్టి వేసేవి కదా, మూడంటే మూడే. వెన్న అమ్మ గ్రాముల్లో రాసింది, అదీ మారలేదు. ఇక మెత్తదనం ఎలా వస్తుంది? ఇన్నాళ్లూ ఓవెన్‌ని అనుమానించాను.

నిన్న ఆ గ్లాసుతోనే చేశాను. పేజీ పక్కన అమ్మ రాసిన "పొంగేటప్పుడు తలుపు తీయకు" అన్న మాట నాకోసమే. చిన్నప్పుడు ఆగలేక తీసేసేదాన్ని, మధ్యలో కుంగిపోయేది. ఈసారి చేతులు కట్టుకుని అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. వాసన రాగానే ఏడుపు ఆగలేదు. మొదటి ముక్క తిని నాన్న ఏం మాట్లాడలేదు, ఇంకో ముక్క కోసం ప్లేటు ముందుకు జరిపారు.

చెల్లి కోసం అన్నీ గ్రాముల్లో తూచి వేరే కాగితం మీద రాశాను. నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.