ఉమ్మెత్త మందిచ్చిన చిట్టెలుకకు ‘మత్తెక్కింది’ అనొచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. స్కోపోలమిన్ గురించి పిల్లలకు తెలుగులో రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఇది ఉమ్మెత్తలో ఉండే పదార్థమే. మెదడులో కబుర్లు చేరవేసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిచేసే చోట్లకు అడ్డుపడుతుంది. చిట్టెలుకకు ఇస్తే జ్ఞాపకం దెబ్బతింటుంది, కానీ పడుకోదు సరికదా, మామూలుకన్నా ఎక్కువ తిరుగుతుంది. యాక్టోఫోటోమీటర్ పెట్టెలో కాంతి కిరణానికి అడ్డొచ్చినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది కదా, అది గబగబా పెరిగిపోతుంది. అదే ఆందోళన తగ్గించే మందు డయాజెపామ్ కాస్త పెద్ద మోతాదులో ఇస్తే తిరిగే కడ్డీ మీద నిలవలేక జారి పడుతుంది. రెండింటికీ ‘మత్తు’ అనేస్తే ఎలా?

సత్యనారాయణపురం, విజయవాడ:
మత్తేభాన్ని తలచుకోండి మేడమ్. పద్యాలు రాసేవాళ్లకు రోజూ ఎదురయ్యేదే. మదమెక్కిన ఏనుగు కునుకు తీస్తుందా, చెట్లు పీకుతుందా? మత్త, మదం, మద్యం అన్నీ ఒక్క ధాతువు పిల్లలే. నిద్ర ముంచుకొచ్చే అర్థం తెలుగు ‘మత్తు’లో బలపడింది. ఇక ఉమ్మెత్త సంగతి: అమరకోశం ధత్తూరానికి ఇచ్చిన పేర్లలో మొదటిదే ‘ఉన్మత్త’. మన ఉమ్మెత్త దాన్నుంచి వచ్చిందే. మీ చిట్టెలుకది మత్తు కాదు, ఉన్మాదం. వ్యాసంలో ‘వెర్రి తిరుగుడు’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు.

మొగల్రాజపురం:
మరి జ్ఞాపకం పోవడాన్ని ‘మతిమరుపు’ అనొచ్చుగా?

బ్రాడీపేట:
అక్కడే నాకు టెన్షన్. ప్రయోగం ఇలా ఉంటుంది: పక్కపక్కనే రెండు గదులు, ఒకటి వెలుతురు, ఒకటి చీకటి. ఎలుకకు చీకటే ఇష్టం. లోపలికి వెళ్లగానే కాళ్ల కింద ఊచల్లోంచి చిన్న షాక్ తగులుతుంది. మర్నాడు మళ్లీ వెలుతురు గదిలో వదిలితే మామూలు ఎలుక గుమ్మం దగ్గర ముక్కు పెట్టి, వాసన చూసి, వెనక్కి తగ్గుతుంది. మొదటిరోజు ముందే మందు తీసుకున్నదైతే చాలాసార్లు నేరుగా దూరిపోతుంది. అప్పటికి మందు దిగిపోయి ఉంటుంది కాబట్టి తిరుగుడు ఎక్కువై దూరిందనడానికీ లేదు. అది మరిచిపోలేదండీ, అసలు మనసులో పడనేలేదు. మరుపంటే ముందు గుర్తుండాలి కదా.

సత్యనారాయణపురం:
అయితే ‘గుర్తు నిలవలేదు’ అనండి. మతిమరుపు మా వయసువాళ్లకు వదిలేయండి.

మొగల్రాజపురం:
ఆ కాంతి కిరణాల పెట్టెలో కొలిచే ‘లోకోమోటర్ యాక్టివిటీ’కి చలనం బాగుంటుందా?

బ్రాడీపేట:
చలనం అనగానే పిల్లలకు ఫిజిక్స్ గుర్తొస్తుంది. ‘నడక’ అంటే అది ఎలా అడుగు వేస్తోందన్న అర్థం వస్తుంది, అక్కడ కొలిచేది అది కాదు. శీర్షికలో ‘కదలికలు’ అని, లోపల ‘తిరుగుడు’ అని పెడుతున్నాను.