అప్‌డేట్: మాంట్రోజ్ నుంచి స్టోన్‌హేవెన్ దాకా, అమ్మానాన్నలతో

స్కాట్లాండ్‌లో అమ్మానాన్నలతో ఎడిన్‌బరా నుంచి అబర్డీన్ వెళ్తూ తీరం వెంట ఏం చూడొచ్చని అడిగాను కదా, వెళ్లొచ్చాం. మాంట్రోజ్ దగ్గర ఏ92 రోడ్డు పట్టుకోమన్నవాళ్లకి థాంక్స్.

డనాటర్ కోట దూరం నుంచే అదిరిపోతుంది. లోపలికి వెళ్లాలంటే మాత్రం మెట్లు బాగా దిగి, మళ్లీ ఎక్కాలి. అమ్మ మోకాళ్ల వల్ల పైనే కూర్చుంది, అక్కడి నుంచే వ్యూ బాగుందంది.

నాన్నకి మాత్రం కినెఫ్ పాత చర్చి తెగ నచ్చేసింది. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం డనాటర్‌ని ముట్టడించినప్పుడు స్కాట్లాండ్ కిరీటం, రాజదండం, ఖడ్గం గుట్టుగా బయటికి తెచ్చి, ఇక్కడి పాస్టరూ ఆయన భార్యా చర్చి నేల కింద పాతిపెట్టారు. 1660 దాకా అవి ఎవరికీ దొరకలేదు. ఇప్పుడవి ఎడిన్‌బరా కోటలో ఉన్నాయి. ఇప్పుడున్న చర్చి కట్టడం అప్పటిది కాదు, 1738 నాటిది. చిన్న గది, సున్నం గోడలు, అంతే. నాన్న కదిలితేగా!

ఫౌల్స్‌హ్యూలో సముద్రం ఒడ్డు కొండ అంచుల నిండా పక్షులే. ఒకటే గోల, పైగా ఘాటు కంపు. పఫిన్లు (రంగు ముక్కు సముద్ర పక్షులు) కావాలంటే ఆగస్టులోపే వెళ్లండి. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. అదే తీరంలో ఉన్న కాటర్‌లైన్ అనే ఊరికి టైమ్ చాల్లేదు.