పీ-32 లేబులింగ్: బెంగళూరు ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన చెల్లికి

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పీహెచ్‌డీలో చేరాను. వచ్చే వారం పీ-32 (రేడియోధార్మిక ఫాస్ఫరస్)తో ప్రోబ్ లేబులింగ్, అంటే డీఎన్‌ఏ ముక్కకి దాన్ని గుర్తుగా తగిలించడం, నేర్చుకోమన్నారు. ఇంట్లో చెబితే అమ్మ వెనక్కి వచ్చెయ్యమంటోంది. లెడ్ (సీసం) ఏప్రన్ అడగనా? సీనియర్లు ఎవరైనా చెప్పండి.

జవాబు: ఏప్రన్ వద్దు చెల్లీ. పీ-32 నుంచి వచ్చేవి గట్టి బీటా కణాలు (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు), గరిష్ఠ శక్తి 1.71 ఎంఈవీ. అవి నేరుగా సీసానికి తగిలితే ఎక్స్-కిరణాలు పుడతాయి. సెంటీమీటర్ మందం అక్రిలిక్ షీల్డ్ ఉంటే చాలు. గాలిలో మాత్రం ఆరు మీటర్ల దాకా పోతాయి, అందుకని పక్కన నిలబడి కబుర్లాడేవాళ్లని పంపించెయ్.

ఎక్కువ డోసు పడేది వేళ్లకే. ఛాతీ మీద పెట్టుకునే, డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీకి వేళ్ల సంగతి తెలీదు, రింగ్ బ్యాడ్జీ కూడా ఇవ్వమను. స్టాక్ వయల్‌ని చేత్తో పట్టుకోకు. ట్యూబ్ తెరిచే ముందు ఒకసారి స్పిన్ చెయ్యి, లేకపోతే మూతకి అంటుకున్న చుక్క తెరవగానే గ్లౌజు మీదకి చిమ్ముతుంది. రేడియేషన్ తగిలితే టిక్కుమనే జీఎం (గైగర్) కౌంటర్‌ని పని మొదలెట్టకముందే ఆన్ చేసి పెట్టుకో. మధ్యమధ్యలో వేలికొసల్ని కౌంటర్ మూతికి తగలకుండా దగ్గరగా, నెమ్మదిగా తిప్పు. టిక్కుటిక్కులు జోరందుకుంటే పై గ్లౌజు తీసి రేడియోయాక్టివ్ వేస్ట్‌లో పడెయ్. లోపల రెండో జత ఉండాలని వేరే చెప్పక్కర్లేదుగా.

ముందురోజు మొత్తం ప్రోటోకాల్‌ని రంగునీళ్లతో చేసి చూడు. నన్నడిగితే షీల్డ్ తర్వాత ఇదే ముఖ్యం. తడబడని చేతికి టైమూ తక్కువే, డోసూ తక్కువే.

అమ్మతో ఇది చెప్పు: ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) పెట్టిన డోసు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. బ్యాడ్జీ లెక్కలు చూడటానికి ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) ఉంటారు. ఆయన శిక్షణ ఇచ్చేదాకా వయల్ జోలికి వెళ్లకు.

ఇంకోటి, సంక్రాంతికి ఊరెళ్లేముందు పీ-32 ఆర్డర్ పెట్టకు. సగం ఆయుష్షు 14.3 రోజులే. రెండు వారాలు ఉండి వస్తే సగం పోయినట్టే.

ఇంకొకరు: అక్క చెప్పినవన్నీ పీ-32కి. రేపు ట్రీషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఇస్తే జీఎం కౌంటర్ మోగలేదని నమ్మకు, దాని బీటాలు కౌంటర్ లోపలికే పోలేవు. బెంచీని ఫిల్టర్ పేపర్‌తో తుడిచి సింటిలేషన్ కౌంటర్‌లో చూడాలి. ఎస్-35 (రేడియోధార్మిక సల్ఫర్) ఉన్న మెథియోనిన్ వయల్‌ని ఫ్యూమ్‌హుడ్‌లోనే తెరువు, ఆవిరి వస్తుంది. దాని సగం ఆయుష్షు 87 రోజులు, పీ-32 చెత్తతో కలిపావంటే ఆర్‌ఎస్‌ఓ ఊరుకోరు.