నాన్నకి తుఫానంటే జాగ్రత్త, ఎండంటే లెక్కే లేదు. ఎలా చెప్పాలి?

వైజాగ్ అమ్మాయి:
మా అమ్మానాన్న అక్కయ్యపాలెంలో అపార్ట్‌మెంట్ పై ఫ్లోర్‌లో ఉంటారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. నేనుండేది హైదరాబాద్‌లో. టీవీలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, నాన్న ట్యాంకు నింపించి, టార్చి, మందులు, బియ్యం అన్నీ సర్దేస్తారు. 2014 హుద్‌హుద్ తుఫానులో కరెంటూ నీళ్లూ లేక పడ్డ అవస్థ ఆయన మర్చిపోలేదు. అదే మనిషి మే నెలలో మిట్టమధ్యాహ్నం బ్యాంకుకి నడిచి వెళ్తారు. ఏమన్నా అంటే 'సముద్రం పక్కన మనకి వడదెబ్బేంటే' అంటారు. రాత్రి ఎంత ఉక్కపోసినా ఏసీ వేయరు. చాలా టెన్షన్‌గా ఉంది.

పెదవాల్తేరు పెద్దాయన:
అమ్మా, నాదీ మీ నాన్నగారి వయసే. మాకు ప్రమాదమంటే చప్పుడు చేసుకుంటూ వచ్చేదే. ఆ అక్టోబర్ 12న గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి, ఊళ్లో చెట్లు ఎన్ని కూలాయో. ఆ చెట్లతో పాటే మా వీధి నీడా పోయింది, తర్వాత ఎత్తు బిల్డింగులు లేచి సముద్రపు గాలి కూడా ఇంట్లోకి రావట్లేదు. ఈ మార్పు మెల్లగా వచ్చింది కాబట్టి మాకు పట్టదు. ఆయన్ని భయపెట్టకండి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది, తుఫాను వార్తలు చూసే మనిషికి అవీ చూడటం అలవాటు చేయండి. హెచ్చరిక వచ్చిన రోజు బ్యాంకు పని వాయిదా, అంతే.

స్టాఫ్ నర్స్:
ఇక్కడ ఎండ కంటే తేమతోనే బాధ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, మన ఊళ్లో అది ఆరదు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే వడగాలి లెక్క చూస్తుంది, తీరంలో 37 నుంచే. పైగా వయసు మీద పడ్డాక దాహం సరిగ్గా తెలియదు. బీపీకి మూత్రం ఎక్కువ పోయే బిళ్ల వాడుతుంటే ఒంట్లో నీరు ఇంకా తగ్గిపోతుంది, అలాగని బిళ్ల సొంతంగా మానేయొద్దు, డాక్టర్‌ని అడగండి. గుండె, కిడ్నీ సమస్యలుంటే నీళ్లు ఎంత తాగాలో కూడా అడగాల్సిందే. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతూ మగతగా పడున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆంబులెన్స్ వచ్చేలోగా తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి, స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

మధురవాడ కోడలు:
ఏసీ వేయకపోవడం మొండితనం కాకపోవచ్చండీ, పెన్షన్ డబ్బుల్లో కరెంటు బిల్లు గురించి భయం. మా మావయ్యగారిదీ అదే. బిల్లు మేమే కడతామని చెప్పి, 27లో పెట్టి పైన ఫ్యాన్ వేయమన్నాం, ఇప్పుడు పడుకునే ముందు కాసేపు వేస్తున్నారు. డాబా మీద తెల్ల కూల్ పెయింట్ వేయించాక పై ఫ్లోర్‌లో వేడి తగ్గింది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం మజ్జిగ అత్తయ్యగారే ఇస్తారు, వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వైజాగ్ అమ్మాయి:
నర్సుగారూ, నాన్న వాడేది ఆ బిళ్లే అనుకుంటా, రేపే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. పెద్దాయన గారూ, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకా కొందరు పెద్దవాళ్లున్నారు, హెచ్చరిక వస్తే వాళ్లందరికీ చెప్పే పని నాన్నకే అప్పజెప్తాను, ఆ మాటంటే ఆయన కాదనరు. మధురవాడ అక్కా, ఆ పెయింట్ ఖర్చు మీరే పెట్టుకున్నారా, అసోసియేషన్ ఇచ్చిందా?