అన్నీ ఒకే ఆర్గ్ ఫైల్లో ఉన్నాయి: హ్యూగోనా, జెకిలా, ఆర్గ్-పబ్లిషా?

మెట్టసేద్యం:
నేను ఈమాక్స్ అనే ఎడిటర్‌లోనే రాస్తాను, అది వదలను. కాబట్టి వేరే ఎడిటర్ల పేర్లు చెప్పకండి, ప్లీజ్.

అనంతపురం వైపు వేరుశనగ సేద్యం గురించి రాసుకున్నదంతా ఒకే ఆర్గ్ ఫైల్లో (ఈమాక్స్‌లో హెడ్డింగులతో రాసుకునే నోట్సు ఫైలు) ఉంది. ఏ కార్తెలో ఎంత వాన పడింది, ఏ విత్తనం ఎట్లా వచ్చింది, నాయన చెప్పిన సంగతులు. ఒక్కో హెడ్డింగ్ ఒక్కో వ్యాసం, వాన లెక్కలు టేబుళ్లలో. వీటిలో పనికొచ్చేవి ఏరి బ్లాగులో పెట్టాలని ఉంది. చదివేది మా ఊరోళ్లు, బెంగళూరులో ఉన్న బంధువులు, అందరూ ఫోన్లోనే.

ఫైల్‌ని ముక్కలు చేయను. ఆర్గ్‌లో ఒకటి, మార్క్‌డౌన్‌లో (సైటు కోసం చిన్న గుర్తులతో రాసే టెక్స్ట్) ఒకటి పెట్టుకుని రెండూ దిద్దుకునే ఓపికా లేదు. లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌ది. రాసినదాన్ని వెబ్‌సైట్‌గా మార్చే హ్యూగో, జెకిల్, ఆర్గ్-పబ్లిష్‌లలో ఏది నయం?

బావిగట్టు:
మీ షరతులు చూస్తే ఓఎక్స్-హ్యూగో (ఆర్గ్‌లో రాసింది హ్యూగోకి అందించే ఈమాక్స్ ప్యాకేజీ) మీకోసమే చేసినట్టుంది. పబ్లిష్ కావాల్సిన హెడ్డింగ్ కింద ఎక్స్‌పోర్ట్ ఫైల్ నేమ్ అనే ప్రాపర్టీ పెట్టండి. అది ఉన్న హెడ్డింగులే బయటికి వెళ్తాయి, మిగతావి మీ దగ్గరే ఉంటాయి. హెడ్డింగ్ ముందు టుడూ ఉంటే డ్రాఫ్ట్, డన్ అని మారిస్తే పబ్లిష్. మార్క్‌డౌన్ ఫైళ్లు తయారవుతాయి గానీ వాటిని మీరు ముట్టుకోనక్కర్లేదు, అసలు తెరవకండి కూడా.

హ్యూగో ఒకే ఒక్క ప్రోగ్రామ్ ఫైల్, పాత లాప్‌టాప్ మీద కూడా వేగంగా నడుస్తుంది. ఆర్గ్ ఫైళ్లను హ్యూగో నేరుగా కూడా చదువుతుంది కదా అని ఎవరైనా చెప్తారు. చదువుతుంది, కానీ ఆర్గ్‌లో ఉన్నవన్నీ దానికి తెలియవు. పైగా ఫైల్ మొత్తాన్ని ఒకే పేజీగా తీసుకుంటుంది.

జెకిల్ చెడ్డదేం కాదు. సైటు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్ దాన్ని తనే బిల్డ్ చేసిపెడుతుంది. కానీ సొంత మెషీన్లో చూసుకోవాలంటే రూబీ భాష, దాని ప్యాకేజీలైన జెమ్‌లు, వాటి వెర్షన్ల పంచాయితీ. నేనైతే పెట్టుకోను.

పాతకీబోర్డు:
నా ఓటు ఆర్గ్-పబ్లిష్‌కే. ఈమాక్స్‌తోనే వస్తుంది, వేరే ఏదీ దించుకోనక్కర్లేదు. హ్యూగో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత థీమ్‌లు (సైటుకు రూపం ఇచ్చేవి) ఎక్కడో ఒకచోట మొరాయిస్తాయి, ఆ బాధ ఇక్కడ ఉండదు. ట్యాగుల పేజీలు రావు, ఆర్ఎస్ఎస్ (కొత్త వ్యాసాలను చదివేవాళ్లకు చేర్చే ఫీడ్) కావాలంటే వేరే ప్యాకేజీ తెచ్చుకోవాలి. మీ బంధువుల్లో ఆర్ఎస్ఎస్ వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు లెండి.

అయితే దీని లెక్క ఒక ఫైలుకు ఒక పేజీ. ముక్కలు చేయనని మీరు పట్టుబడితే బావిగట్టు గారి మాటే వినండి. హ్యూగో వెర్షన్ మాత్రం ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి, అప్‌డేట్ వచ్చిందని ఎగబడొద్దు.

మెట్టసేద్యం:
ఓఎక్స్-హ్యూగో పెట్టి చూశాను, హెడ్డింగ్ పద్ధతి బాగా నచ్చింది. రెండు డౌట్లు. ఫైల్ నేమ్ తెలుగులో ఇవ్వొచ్చా? ఫోన్లో ఒత్తులు కింది లైనుకు తగులుతున్నాయి, అది హ్యూగో తప్పా?

బావిగట్టు:
ఇవ్వొచ్చు. కానీ ఆ పేరే లింకులోకి వస్తుంది, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు చూడండి. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు, లింకులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులవుతుంది. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కే. "వేరుశనగ" అన్న ఒక్క మాటే 63 గుర్తుల తోక. అంత పొడుగు లింకు చూస్తే జనం వైరస్ అనుకుంటారు. ఫైల్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, శీర్షిక తెలుగులో ఉంచండి.

ఒత్తుల సంగతి థీమ్‌ది. చాలా థీమ్‌లు ఇంగ్లిష్‌కి సరిపోయేలా లైన్ల మధ్య ఎడం తక్కువ పెడతాయి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో లైన్-హైట్ 1.8 చేయండి. లెటర్-స్పేసింగ్ ఎక్కడైనా ఉంటే తీసేయండి.

ఎప్పుడైనా ఓఎక్స్-హ్యూగో లేకుండా నేరుగా మార్క్‌డౌన్ రాస్తే టైమ్‌తో జాగ్రత్త. +05:30 రాయకపోతే హ్యూగో దాన్ని యూటీసీ (మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ టైమ్) అనుకుంటుంది. పొద్దున 6కి రాసింది 11:30 దాకా భవిష్యత్తులోదే, అప్పటిదాకా ఎన్నిసార్లు బిల్డ్ చేసినా ఆ వ్యాసం కనబడదు. కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెడితే సరి.

పాతకీబోర్డు:
టేబుళ్ల గురించి మీరు అడగలేదు గానీ, తెలుగు అక్షరాలు అన్నీ ఒకే వెడల్పు ఉండవు కాబట్టి ఈమాక్స్‌లో గీతలు వంకరగా కనిపిస్తుంటాయి. వీఅలైన్ ప్యాకేజీ వేసుకోండి, పిక్సెళ్ల లెక్కన సరిచేస్తుంది. పేజీలోకి వెళ్లేసరికి ఎలాగూ బాగానే వస్తాయి, ఇది మీ కళ్లకోసమే.

మెట్టసేద్యం:
లైన్-హైట్ మార్చాను, ఒత్తులు విడిపోయాయి. వీఅలైన్ రాత్రికి చూస్తా. ముందు వాన లెక్కల టేబుల్ ఒకటి పెట్టి మా పెదనాయనకి పంపిస్తా. లెక్క ఎక్కడైనా తేడా ఉంటే ఆయనే ఫోన్ చేస్తాడు.