చె, తి, రా: వాక్యంలో ఎదుటి మనిషికి చోటు

నిన్నటి చర్చలో ఒకరు అడిగారు: "గలీసియన్‌కీ సెర్బియన్‌కీ అసలు పోలికేంటండీ? ఒకటి స్పెయిన్ వాయవ్య మూలన అట్లాంటిక్ ఒడ్డున మాట్లాడే లాటిన్ సంతతి భాష, ఇంకోటి బాల్కన్ ప్రాంతపు స్లావిక్ భాష." నిజమే. సెర్బియన్‌లో నామవాచకానికి ఏడు విభక్తులు, గలీసియన్‌లో నామవాచకం విభక్తిని బట్టి మారనే మారదు. సెర్బియన్‌ని సిరిలిక్‌లోనూ (రష్యన్ లాంటి భాషలు రాసే లిపి) రాస్తారు, లాటిన్ లిపిలోనూ రాస్తారు. గలీసియన్‌కి లాటిన్ లిపి ఒక్కటే. తేడాలు రాస్తూ పోతే రోజులు పడతాయి. నాకు మాత్రం ఈ రెంటినీ కలిపేది ఒక చిన్న ముక్క, వినేవాళ్ళని మాటలోకి లాగేది. దాని గురించే ఈ పోస్టు.

కొన్నాళ్ళు నేను గలీసియా రాజధాని శాంతియాగో దె కొంపొస్తేలాలో ఉన్నాను. ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ చలికాలంలో కాల్దొ పెట్టేది. ఆకుకూర, బంగాళాదుంపలు, తెల్ల చిక్కుడు గింజలు వేసి బాగా మరిగించిన చారు అది. ఒక సాయంత్రం గిన్నె నా ముందు పెట్టి, "ఎస్తాచె బొ ఒ కాల్దొ" అంది. అప్పటికి నాకు తెలిసిన గలీసియన్ పుస్తకంలోది. 'ఎస్తా' అంటే ఉంది, 'బొ' అంటే బాగు, 'చె' అంటే నీకు. "చారు నీకు బాగుందా?" అని అడుగుతోందనుకున్నాను. కానీ నేనింకా చెంచా కూడా ముట్టలేదు. ఆవిడ అడగలేదు, చెబుతోంది. "చారు బాగుందిరా" అంటోంది. మా పెద్దమ్మ అన్నట్టే.

ఈ 'చె'ని అక్కడి వ్యాకరణాల్లో సంఘీభావ సర్వనామం అంటారు. వాక్యం అర్థానికి దానితో పనిలేదు, తీసేసినా చారు బాగానే ఉంటుంది. అది చేసే పనల్లా ఎదుటి మనిషిని మాటలోకి రమ్మనడం. చనువున్న వాళ్ళతో అయితే 'ఎస్తాచె'. గౌరవించాల్సిన వాళ్ళతో అయితే 'ఎస్తాల్యె', అంటే "బాగుందండి". చనువున్న వాళ్ళు పదిమంది కూర్చుని ఉంటే 'ఎస్తావొస్', మా కోస్తావాళ్ళు "బాగుందర్రా" అన్నట్టు. ఇన్ని మెట్లూ మన భాషలో ఉన్నవే కాబట్టి తెలుగువాళ్ళకి ఇది తేలిగ్గా అందుతుంది. ఇంగ్లీషులో ఆలోచిస్తే మాత్రం చేతికి దొరకదు.

'చె' నిజంగా "నీకు" కాదని నాకు గట్టిగా తెలిసింది ఇంకో వాక్యంతో: "నొన్ చె మె గుస్తా". ఇందులో 'మె' అంటే నాకు, 'గుస్తా' అంటే నచ్చడం, ముందున్న 'నొన్' అంటే కాదు, లేదు. నచ్చనిది నాకు. మరి ఈ 'చె' ఎవరికి? "నాకు నచ్చట్లేదురా" అని చదివితే అంతా కుదురుకుంటుంది. ప్రామాణిక స్పానిష్‌లో ఈ వాడుక లేదు. గలీసియన్‌ని స్పానిష్ మాండలికం అనేవాళ్ళకి నేను ముందు చూపించే వాక్యం ఇదే.

ఇక సెర్బియన్. తర్వాత నేను పనిచేసిన ఆఫీసులో బెల్‌గ్రేడ్ నుంచి వచ్చినాయన ఒకాయన ఉండేవాడు. నెలల తరబడి చేసిన పని పై నుంచి వచ్చిన ఒక్క ఈమెయిల్‌తో ఆగిపోయిన రోజు, నేను టెన్షన్ పడుతుంటే భుజం తట్టి, "తో తి యె తాకో" అన్నాడు. 'తో' అది, 'యె' ఉంది, 'తాకో' అలా. మధ్యలో ఆ 'తి'? అది కూడా "నీకు" అన్న మాటే. నాకు వెంటనే కాల్దొ గిన్నె గుర్తొచ్చింది. "అదంతేరా" అంటున్నాడు. పెద్దవాళ్ళతో అయితే "తో వామ్ యె తాకో", "అదంతేనండి". ఈ 'వామ్' బహువచనానికీ గౌరవానికీ కూడా సరిపోతుంది, మన 'మీకు' లాగే.

ఇక్కడ సంస్కృతం తెలిసినవాళ్ళకి ఒక మాట. ఈ సెర్బియన్ 'తి'కీ సంస్కృతం 'తే'కీ మూలం ఒకటే. నమస్తేలో ఉన్న 'తే' అదే, నీకు నమస్కారం. గలీసియన్ 'చె' లాటిన్ 'తిబి' నుంచి వచ్చింది, దానికి సంస్కృతంలో చుట్టం 'తుభ్యం'. మనం రోజూ చేతులు జోడించి అనే మాటలోని ముక్కకి చుట్టాలు యూరప్ రెండు కొసల్లో ఇలా పనిచేస్తున్నాయంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

తేడా కూడా చెప్పాలి. మన 'రా', 'అండి' పిలుపు మాటలు. వాళ్ళవి "నీకు", "మీకు" అనే విభక్తి రూపాలు. దారులు వేరు, చేరిన చోటు ఒకటి. కూర్చునే స్థలం కూడా వేరే. గలీసియన్ 'చె' మామూలు వాక్యంలో మన 'రా' లాగే క్రియకి అంటుకుంటుంది, 'నొన్' వస్తే క్రియ ముందుకి దూకుతుంది. సెర్బియన్ 'తి' వాక్యంలో రెండో స్థానం వదలదు: "యా తి తో నె జ్నామ్", నాకది తెలీదురా. వాక్యం మొదట్లో మాత్రం రెండూ రావు.

పందొమ్మిదో శతాబ్దంలో రెండు భాషలూ పల్లె నోటి మాట నుంచే పుస్తకాలకెక్కాయి. సెర్బియన్ భాషా సంస్కర్త వూక్ కరాజిచ్ 1818లో సెర్బియన్ నిఘంటువు వేసి, పలికినట్టే రాయాలన్నాడు. గలీసియాలో రొసాలీయా దె కాస్త్రో కవితా సంపుటి 'కాంతారెస్ గలేగొస్' 1863లో వచ్చింది. ఆ పుస్తకం అంకితంలో ఉన్న తేదీ మే 17. 1963 నుంచి ఆ రోజునే గలీసియన్ సాహిత్య దినంగా జరుపుతున్నారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టింది కూడా 1863లోనే, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 మన తెలుగు భాషా దినం.

తర్వాత చేర్చింది: "తెలుగులోకి అనువదించేటప్పుడు ఈ 'చె', 'తి'లని వదిలేయొచ్చా?" అని కింద ఒకరు అడిగారు. దయచేసి వదలకండి. "నీకు" అని కూడా పెట్టకండి. ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకుని రా, వే, అమ్మా, అండీలలో సరైనది ఎంచుకోండి. కష్టమైంది ఒక్కటే ఉంది. సెర్బియన్ తల్లి బిడ్డని "కాకో సి మి?" అని పలకరిస్తుంది. 'కాకో సి' అంటే ఎలా ఉన్నావు, 'మి' అంటే నాకు. ఈసారి వాక్యంలోకి వచ్చింది వినేవాళ్ళు కాదు, అడిగే తల్లే. దీనికి నేను "ఎలా ఉన్నావు నా తండ్రీ" అని రాసుకున్నాను. ఆ 'నా' ఉండాల్సిందే.